ఆవు మెడలో ప్లగ్గు

చీపురుగరువులో గాసి పేరు చెబితే జనానికి ముందు గుర్తొచ్చేది అతని ముఖం కాదు, అతని కోతమిషను చప్పుడు. ఇటు గూడెం కొత్తవీధి నుంచి అటు లంబసింగి దారి దాకా ఎవరి కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్టు కొట్టాలన్నా కబురు గాసికే వెళ్ళేది. గొడ్డలితో నలుగురు పొద్దంతా కొట్టే మానును అతను బీడీ కాల్చినంత సేపట్లో పడేసేవాడు. పడేశాక మిషను ఆపి, భుజాన పెట్టుకుని, జనం వైపు ఒకసారి చూసేవాడు. ఆ చూపు కోసమే గాసి బతికాడని చెప్పినా తప్పులేదు. కాఫీ అందరికీ ఉంది, మిరియం పాదు అందరికీ ఉంది. ఆ మిషను మాత్రం తన మాట తప్ప ఇంకెవరి మాటా వినకూడదు. గాసికి కావలసిందల్లా అదే.

మిషను ప్రాణమంతా ప్లగ్గులో ఉంటుంది. బొటనవేలంత వస్తువు. పై చివర తెల్ల పింగాణి, కింది చివర ఇనప మరలు, ఆ మరల కొసన కొక్కెంలా వంగిన చిన్న ముక్క. ఆ కొక్కేనికీ దాని కింద మొనకీ మధ్య సన్నటి సందు. మిషను స్టార్టు చేసే తాడు లాగితే ఆ సందులో నిప్పురవ్వ దూకాలి. దూకితే మిషను బతుకుతుంది, లేకపోతే పెట్రోలు కంపు కొట్టే ఇనపముద్ద.

సాయంత్రం పని అయిపోగానే గాసి ఆ ప్లగ్గు ఊడదీసి, గుడ్డలో చుట్టి, మొలతాడుకి కట్టుకునేవాడు. మధ్యాహ్నం గంజి తాగడానికి కూర్చున్నా అంతే. మిషను ఎవరో ఎత్తుకుపోతారని కాదు. తను లేనప్పుడు ఎవడైనా తాడు లాగి చూస్తాడని భయం. లాగితే స్టార్టవుతుందేమోనని అంతకంటే భయం. ప్లగ్గు శుభ్రం చేసేటప్పుడైతే జనానికి వీపు పెట్టి, తల మీంచి తువ్వాలు కప్పుకుని, చంటిపిల్లకి పాలిచ్చే తల్లిలా వంగి కూర్చునేవాడు.

ఆ తువ్వాలు బయట కూర్చునేవాడు ఫల్గుణ. గాసి పెళ్ళాం సోములమ్మ తమ్ముడు, అతనికి సొంత బావమరిది. పెట్రోలు డబ్బా మోసేది, చీలలు కొట్టేది, పడిన మాను కొమ్మలు నరికేది అతనే. ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

“బావా, ప్లగ్గు నల్లగా అయిపోతే ఏటి సేత్తావు నువ్వు? నాకూ సెప్పొచ్చు గదా.”

గాసి తువ్వాలు తీసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. ఎంతో ప్రేమగా చెప్పాడు.

“కొడవలికి కమ్మరోడు పదునెలాగ పెడతాడు? ఎర్రగా కాల్చి నీళ్ళల్లో ముంచుతాడు గదా. ఇదీ ఇనుమే. నిప్పుల్లో పెట్టి ఎర్రగా అయినాక సల్లటి నీళ్ళల్లో ఏసీ. మసంతా రాలిపోద్ది. ఆ తరవాత కొక్కెం మీద సుత్తితో సిన్న దెబ్బ. సందులో ఎంట్రుక కూడా దూరకూడదు. ఎవులికీ సెప్పకు.”

ఫల్గుణ ఎవరికీ చెప్పలేదు. దాన్ని గుండెలో దాచుకున్నాడు. తేనె, చింతపండు, అడ్డాకులు ఏం అమ్మాడో, ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో, ఏడాది తిరిగేసరికి ఒక పాత కోతమిషను కొనుక్కొచ్చాడు. ఊరి కింద వరహాలు అనే ఆసామి తోటలో ఒక చెట్టు ఒప్పుకున్నాడు కూడా. ముందు రాత్రే బావ చెప్పినట్టు ప్లగ్గు ఎర్రగా కాల్చాడు, చల్లటి నీళ్ళలో వేశాడు, సుత్తితో సందు మూసేశాడు. తెల్లారి ఊరంతా చూస్తుండగా తాడు లాగాడు. మిషను దగ్గను కూడా దగ్గలేదు. లాగి లాగి అరచెయ్యి తోలు లేచిపోయింది. కొత్త ప్లగ్గు తెచ్చాడు. దాన్నీ అలాగే కాల్చాడు.

గాసి గట్టు మీద కూర్చుని వేరుశనక్కాయలు వొలుచుకుంటూ చూశాడు.

“ఓలే సోములమ్మా! మీ తమ్ముడు ఏటకెళ్ళి ఉత్త సేతుల్తో వచ్చీసినాడే! ఏటి సూత్తన్నావు, పేడనీళ్ళు తే!”

ఇటుకల పండగప్పుడు వేటకెళ్ళి ఏమీ కొట్టకుండా తిరిగొచ్చిన మగాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లుతారు. అది పండగ సరదా. పండగ కాని రోజున, పని చేసి ఓడిపోయినవాడి మీద ఎవరూ చల్లరు. ఆడవాళ్ళు ముందు నవ్వారు, తర్వాత తగ్గారు. గాసి తగ్గలేదు. తనే వెళ్ళి కుండలో పేడ కలిపి పెళ్ళాం చేతికిచ్చాడు.

“నువ్వు సల్లు. సొంత అక్కవి. నీ సేత్తో అయితేనే ఆడికి బుద్దొత్తాది.”

సోములమ్మ మొగుడి ముఖం చూసింది. చల్లకపోతే ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. కళ్ళు మూసుకుని కుండ వంచేసింది. ఫల్గుణ తాడు పట్టుకునే ఉన్నాడు. పేడనీళ్ళు జుట్టులోంచి ముక్కు మీదికి కారుతుంటే తుడుచుకోలేదు. అక్క వైపు కూడా చూడలేదు.

ఆ సాయంత్రమే అతను మిషను తుక్కువాడికి వేసేసి కొయ్యూరు వెళ్ళిపోయాడు. చాలాకాలం కనపడలేదు. తిరిగొచ్చినప్పుడు మాట తగ్గిపోయింది. ఏమీ అడగకుండా మళ్ళీ పెట్రోలు డబ్బా ఎత్తుకుని బావ వెనక నడిచాడు. మెడ వంగిందనుకున్నాడు గాసి. అలా అనుకోవడం అతనికి బాగుండేది.

ఆ ఏడు వానలు గట్టిగా పట్టాయి. వరహాలు తోటలోనే పల్లం వైపు ఒక పెద్ద సిల్వర్ ఓక్ ఒరిగింది. కాఫీ మొక్కల మీద పడిపోయేలోగా కొట్టెయ్యమన్నాడు. గాసి చెట్టు పడాల్సిన వైపు నోరులా గంటు కోశాడు, వెనక నుంచి సగం కోత పెట్టాడు. అంతలో ఆకలేసింది. మిషను ఆపేశాడు.

“బావా, సగంలో వదిలీత్తే ఎలాగ? గాలొత్తన్నాది. పడగొట్టీసి తిందాం,” అన్నాడు ఫల్గుణ.

“నువ్వు నాకు సెప్పొచ్చినోడివేటి? పేడనీళ్ళు ఇంకా ఆరినట్టు లేవే!”

గాసి ప్లగ్గు ఊడదీశాడు, మొలతాడుకి కట్టుకున్నాడు. చెట్టు కింద పల్లంలో పొడిగా ఉన్న బండ ఒక్కటే కనపడింది. దాని పక్కన నిప్పు రాజేసి గంజి కాచుకున్నారు. ఫల్గుణ తన గిన్నె పట్టుకుని పక్కకి, దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. గాసి అది చూసి కూడా నవ్వాడు.

గాలి వచ్చింది. పెద్ద గాలేం కాదు. కోత సగంలో నిలబడి ఉన్న మానుకి అది చాలు. ఎండు వెదురు విరిగినట్టు ఒక చప్పుడు. గాసి లేవబోయాడు, చెప్పు బురదలో జారింది. మాను మిరియం తీగతో సహా వచ్చి పడింది.

కళ్ళు తెరిచేసరికి బోర్లా ఉన్నాడు. కుడి తొడ మీద మాను. మొత్తం బరువు తొడ మీద పడలేదు. ఆ బండ దాన్ని సగం ఆపింది. బండ మాత్రం తడిమట్టిలో కూర్చుని ఉంది. మాను ఊగినప్పుడల్లా దాని కింద మట్టి పిడచలు పిడచలుగా జారుతోంది.

తోట చివర నుంచి వరహాలు పరిగెత్తుకొచ్చాడు. పక్క వాలులో ఆవుని మేపుతున్న సోములమ్మ అరుస్తూ దిగింది. వరహాలు గొడ్డలెత్తి మాను మీద ఒక దెబ్బ వేశాడు. మాను అదిరింది, బండ కదిలింది, గాసి పెట్టిన కేకకి కొమ్మల్లో పిట్టలు లేచిపోయాయి.

“గొడ్డలొద్దు! సంపీకండి నన్ను! మిషను తెండి, బేగి!”

మిషను తెచ్చారు. గాసి పొట్ట కిందికి చెయ్యి దూర్చి మొలతాడు తడిమాడు. గుడ్డ దొరికింది. లాగి విప్పితే పింగాణి రెండు ముక్కలై చేతిలో పడింది. దాని మీదే పడ్డాడు మరి. అతని సొంత ఒళ్ళే దాన్ని విరిచింది.

 సోములమ్మే అంది, “ఆవు మెడలో ఉన్నాది గదా ఒకటి!”

ఎప్పుడో కొత్తది కొన్నాక గాసి విసిరేసిన పాత ప్లగ్గుని ఆమె ఏరుకుని, ఆవు మెడలో కర్రగంటకి నాలుకగా కట్టుకుంది. ఫల్గుణ వాలెక్కి, ఆవుని పట్టుకుని, తాడు కోసి, ప్లగ్గు తెచ్చాడు. నల్లగా, పేడ అంటుకుని ఉంది. పింగాణి మాత్రం బాగుంది. గాసికి ఊపిరొచ్చింది.

కానీ ఫల్గుణ మిషను దగ్గరికి వెళ్ళలేదు. గంజి కాచిన నిప్పుల దగ్గర గొంతుకూర్చుని, వాటి మీద బూడిద ఊదుతున్నాడు.

“వరహాలు మావా, సెంబుతో నీళ్ళట్రా. సల్లగా ఉండాల.”

గాసికి తెలుసు. నిప్పులో పెడితే పింగాణి పగిలిపోతుంది. పగిలితే ఈ కొండ మీద ఇంకో ప్లగ్గు లేదు. ఒక్క మాట చెబితే చాలు. కానీ ఆ మాట చెబితే రేపటి నుంచి ఈ కొండ మీద ఎవడు పడితే వాడు మిషను కొంటాడు. తను భుజాన మిషనుతో చూసే ఆ చూపు ఎవరికి కావాలి? కాలు నొప్పి పుడుతున్నా గాసి ముందు దాని గురించే ఆలోచించాడు.

“ఒరే ఫల్గుణా, ఇయ్యాలకి కాల్చొద్దులే. ఊరికే తుడిచీసి పెట్టీ.”

“అలగెలాగ బావా? కాల్చకపోతే రవ్వ రాదని నువ్వే గదా సెప్పినావు.”

“నా మాటినరా!”

“నొప్పికి మతి తప్పినట్టున్నాది అక్కా. మాట ఇటూ అటూ పోతన్నాది,” అని ఫల్గుణ ప్లగ్గుని రెండు పుల్లలతో పట్టుకుని నిప్పుల అంచుకి తెచ్చాడు. మీద పేడ కాలి పొగ లేచింది.

బండ కింద ఇంకొంచెం మట్టి జారింది.

“కాల్చకురా! పింగాణి పగిలిపోద్ది!”

ఫల్గుణ చెయ్యి ఆగింది. “పగిలిపోద్దా? మరేటి సెయ్యాల?”

“పెట్రోల్లో కడుగు. నా సంచిలో బీడీకట్ట కింద ఇత్తడి బ్రష్షున్నాది, దాంతో మొన గోకు. బాగా ఊది ఆరబెట్టు. సందు మూసీకూడదు. హేక్సా బ్లేడు ముక్క పెడితే కూసింత బిగుతుగా జారాల. అంతే సందు ఉంచాల.”

“మరి నిప్పు?”

“నిప్పు లేదు.”

“సుత్తి?”

“సుత్తీ లేదురా! బేగి కానీ!”

ఫల్గుణ నిప్పుల దగ్గర నుంచి లేవలేదు. “మరి నాకు నిప్పని ఎందుకు సెప్పినావు బావా?”

గాసి పళ్ళు బిగించాడు. బురద నోట్లోకి వెళ్తోంది.

“సెప్పు.”

“నువ్వు నేర్సుకోకూడదని.”

“వరహాలు మావకి ఇనపళ్ళేదు. గట్టిగా సెప్పు.”

“నువ్వు నేర్సుకోకూడదని అబద్దం సెప్పినాను!”

వరహాలు తల తిప్పుకున్నాడు. కేకలు విని ఊళ్ళోంచి జనం దిగుతున్నారు. ఆడవాళ్ళు ముందున్నారు. పేడనీళ్ళ రోజున నవ్వినవాళ్ళే. ఫల్గుణ వాళ్ళు దగ్గరికి వచ్చేదాకా ఆగాడు.

“ఈలకీ సెప్పు బావా. కడగడం కాడ నుంచి సెప్పు. అబద్దం దాకా సెప్పు.”

గాసి చెప్పాడు. పెట్రోలు, బ్రష్షు, బ్లేడు ముక్క, అబద్ధం. ఏడుస్తూ చెప్పాడు. వెనక నుంచి ఇంకా కొందరు వస్తున్నారు. ముందు వచ్చినవాళ్ళు వాళ్ళకి వినపడాలని పక్కకి జరిగారు. ఒక ముసలామె నోటికి కొంగడ్డం పెట్టుకుంది. ఏడుపుకో నవ్వుకో తెలియలేదు.

“సాల్రా తమ్ముడా,” అంది సోములమ్మ. అప్పటిదాకా ఆమె కూడా తమ్ముణ్ణి ఆపలేదు. “సాలు. ఇంక పెట్టు.”

“ఒక్క తూరి అక్కా. ఆ ఎనకోళ్ళు ఇన్లేదు. బావా, మల్లీ…”

బండ జారింది. ఎక్కువేం కాదు, జానెడు. మాను ఆ జానెడూ కిందికి దిగింది. గాసి ఈసారి కేక వెయ్యలేదు. లోపల ఏదో నలిగిన చప్పుడు అందరికీ వినపడింది.

అప్పుడు ఫల్గుణ ముఖం పాలిపోయింది. అతనికి కావలసింది బావకి సిగ్గు రావడం. కాలు పోవడం కాదు. ప్లగ్గుని పెట్రోల్లో ముంచాడు, సంచిలోంచి బ్రష్షు లాగాడు, మొన తిప్పుతూ గోకాడు, ఊదాడు. చొక్కా జేబులోంచి అరిగిపోయిన హేక్సా బ్లేడు ముక్క తీసి సందులో పెట్టి జార్చాడు, కొక్కేన్ని గోరంత లేపాడు, మళ్ళీ జార్చాడు. ప్లగ్గుకి వైరు తగిలించి, మిషను ఒంటికి ఆనించి తాడు లాగాడు. సందులో నీలంగా రవ్వ దూకింది. వేళ్ళతోనే మరలు ఎక్కించి, పానాతో బిగించాడు. మిషను గర్జించింది.

కళ్ళు మూతలు పడుతున్నా గాసి ఆ వేళ్ళని చూశాడు. ఆ వేళ్ళు ఎక్కడా ఆగలేదు, ఎక్కడా వెతుక్కోలేదు. బ్లేడు ముక్క తన సంచిలోంచి తీసింది కాదు.

డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకెళ్తుంటే గాసి అడిగాడు. “ఎక్కడ నేర్సినావురా?”

ముందు కర్ర ఫల్గుణ భుజం మీదే ఉంది. వెనక్కి తిరక్కుండా చెప్పాడు. “కొయ్యూర్లో. మోటార్‌సైకిళ్ళ షెడ్డులో.”

“తెలిసీ మరి నా సేత…”

“నాకు తెలుసు బావా. ఊరికి తెలీదు.”

పెద్దాసుపత్రిలో తొడ సగానికి కాలు తీసేశారు. గాసి కర్రల మీద తిరిగొచ్చేసరికి మిషను ఫల్గుణ భుజం మీద ఉంది. సోములమ్మే ఇచ్చింది. కోత కూలిగా తెచ్చిన బియ్యంలో, చోళ్ళనే రాగుల్లో సగం అక్క ఇంటికి చేర్చాలని మాట. ఫల్గుణ ఆ మాట తప్పలేదు. ఉప్పూ నూనే కూడా తెచ్చి ఇచ్చేవాడు. ప్లగ్గుని మాత్రం మొలతాడుకి కట్టుకోలేదు. సాయంత్రం ఊడదీసి, గాసి ఇంటి అరుగు మీదే, అతని నులకమంచం పక్కనే కొబ్బరిచిప్పలో పెట్రోలు పోసి అందులో వేసేవాడు. వచ్చినవాడికల్లా చూపించేవాడు. ఇదిగో ఇలా గోకాల, ఇదిగో ఇంత సందు. ఊళ్ళో ఇంకో ఇద్దరు మిషన్లు కొన్నారు. గాసి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తన తువ్వాలు కింద దాచుకున్నదంతా ఇప్పుడు అరుగు మీద అంగడి సరుకైపోయింది.

అంతా కాదు. ఒకటి మిగిలింది.

మాను కింద పడి ఉన్నప్పుడు గాసి కడగడం చెప్పాడు, సందు చెప్పాడు. రంగు చెప్పలేదు. ఎవరూ అడగలేదు. కొయ్యూరు షెడ్డులో ఫల్గుణ నేర్చుకున్నదీ కడగడం, సందు వరకే. వైద్యుడు నాలుక చూసి ఒంట్లో రోగం చెప్పినట్టు గాసి ప్లగ్గు మొన చూసి మిషను లోపల ఏం జరుగుతోందో చెప్పగలడు. మొన వేయించిన కాఫీగింజ రంగులో ఉంటే మిషను సుఖంగా ఉన్నట్టు. నల్లగా తడిగా ఉంటే పెట్రోల్లో ఆయిలు ఎక్కువైనట్టు. అది మురికే, కడిగితే పోతుంది. తెల్లగా ఉంటేనే భయం. ఆయిలు చాలక లోపల ఒరుసుకుని కాలిపోతున్నట్టు. ఆ తెలుపు మీద ఇసక రేణువుల్లాంటి మెరుపు కనపడిందంటే పిస్టను కరిగి వచ్చి అంటుకుంటున్నట్టు. అది చూశాక ఆ మిషను తాడు ఇంకొక్కసారి కూడా లాగకూడదు.

కొన్నాళ్ళుగా గాసికి మంచం మీద నుంచే చప్పుడు తేడాగా వినపడుతోంది. కోతలో గొంతు పైకి లేస్తోంది, కీచుగా. ఎవరికీ చెప్పలేదు.

లంబసింగి వైపు చలి ముదిరింది. మంచు ఎక్కువగా ఉన్న ఒక పొద్దున ఫల్గుణ మిషను పట్టుకుని అరుగెక్కాడు. ప్లగ్గు ఊడదీసి చేతిలో అటూ ఇటూ తిప్పాడు. సోములమ్మ పొయ్యి దగ్గర నుంచి అంది, “అడుగురా. ఆయనకి తెలవనిదేటున్నాది అందులోని?”

ఫల్గుణ మంచం దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఒకప్పుడు తువ్వాలు బయట కూర్చున్నట్టే.

“బావా, మిషను బలం తగ్గినట్టున్నాది. నాకు తెలీడం లేదు. నువ్వొక్కపాలి సూడు.” చేతిలో ప్లగ్గు పెట్టాడు. “మసి పట్టడమైతే మానీసింది. ఆయిలుకే గదా నల్లబడతాదని ఆయిలు తగ్గించీసినాను. సూడు, ముత్తెంలా ఉన్నాది.” కాస్త ఆగి, తల వంచుకుని అన్నాడు, “ఆ రోజు ఆ మూడోపాలి అడగకుండా ఉండాల్సింది నాను. అప్పటి నుంచి నిద్దర్లేదు బావా.”

గాసి ప్లగ్గుని వెలుతురుకి పట్టాడు. తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద సన్నటి మెరుపు. ఒక రేణువు, పక్కన ఇంకొకటి.

చంటిదాన్ని పట్టుకున్నట్టు దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. ఎన్నాళ్ళకి! ఎవరో వచ్చి తన ముందు నేల మీద కూర్చుని అడుగుతున్నారు. పొయ్యి మీద చోడిగంజి ఉడుకుతున్న వాసన వస్తోంది. ఆ చోళ్ళు ఈ మిషను తెచ్చినవే. గాసికి అది తెలుసు. ఆయిలు ఎంత పొయ్యాలో ఒక్క మాట చెప్పి, నాలుగు రోజులు పని ఆపి బాగుచేయిస్తే మిషను బతుకుతుంది. అదీ తెలుసు.

“బాగున్నాది,” అన్నాడు. “ఇంత శుబ్రమైన ప్లగ్గు నానెప్పుడూ సూళ్ళేదు. సెట్టు గట్టిదేమో. నొక్కి కోసీ.”

ఫల్గుణ ముఖంలో బరువు దిగింది. బావ కాలున్న చోట దుప్పటి సర్ది, ప్లగ్గు బిగించుకుని, వాగు అవతలి తోటకి వెళ్ళిపోయాడు.

సోములమ్మ గంజి గిన్నె తెచ్చి మంచం మీద పెట్టింది. గాసి ముట్టుకోలేదు. చెవి వాగు వైపు పెట్టి కూర్చున్నాడు. మిషను మొదలైంది. కోతలో దిగింది. గొంతు లేచింది, ఇంకా లేచింది, పందిని పొడిచినప్పుడు దాని గొంతు లేచినట్టు లేచి, ఠక్కున తెగిపోయింది. ఆ తర్వాత వాగు చప్పుడు ఒక్కటే. తాడు లాగబోయి లాగలేక ఎవరో తిట్టుకోవడం వినపడింది.

“ఏటి ఆగిపోనాది?” అంది సోములమ్మ.

గాసి అప్పుడు గంజి తాగడం మొదలుపెట్టాడు.

ఫల్గుణ మిషను మోసుకుని వచ్చాడు. వెనక తోట వాళ్ళు, దారిలో కలిసినవాళ్ళు వచ్చారు. అరుగు మీద మిషను దించి, ప్లగ్గు ఊడదీసి చూపించాడు. మొనంతా వెండి పూసినట్టు ఉంది.

“బావా, లోపల పట్టీసింది. తాడు రావడం లేదు. ఈ మెరుపేటి బావా?”

ఎవరూ గట్టిగా చెప్పమని అడగలేదు. గాసే గొంతు పెంచాడు. వెనక ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా, ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పాడు.

“అది పిస్టను. కరిగిపోయి అంటుకున్నాది. తెల్లగా అయితే మిషను సత్తన్నట్టు లెక్క. పొద్దున్నే సూసినాను. నాకు తెలుసు. మీకెవులికీ తెలీదు.”

చెప్పి, భుజాన మిషను ఉన్నప్పుడు చూసినట్టే, జనం వైపు ఒకసారి చూశాడు.

ఎవరూ నవ్వలేదు, తిట్టలేదు. ఫల్గుణ చేతిలో ప్లగ్గు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఒకరి వెనక ఒకరు అరుగు దిగి వెళ్ళిపోయారు. గాసి చూపు నిలవడానికి ఎదురుగా ముఖం లేకుండా పోయింది.

సోములమ్మ తమ్ముడి చేతిలోంచి ప్లగ్గు తీసుకుంది. గాసి తాగుతున్న గిన్నె లాగి, మిగిలిన గంజి ఆవు కుడితిలో పోసేసింది. ఆవు మెడలో నాలుక లేని కర్రగంట ఆ వానాకాలం నుంచి ఉత్తగానే వేలాడుతోంది. ప్లగ్గుకి నార తాడు బిగించి ఆ గంటలో కట్టింది. పలుపు విప్పి ఆవుని అరుగు దగ్గరికి నడిపించి, గాసి మంచం కోడుకే ముడేసింది.

“ఓలే, దాన్నిక్కడ కట్టినావేటి?” అన్నాడు గాసి.

ఆమె అటు తిరిగి, తమ్ముడితో కలిసి మిషనుని ఇంటి వెనక్కి మోసింది. ఆవు ఈగల్ని తోలుకోవడానికి తల విదిల్చింది. గంట మోగింది. ఆగింది. మళ్ళీ విదిల్చింది.